ఏడో స్తంభంలో తెరుచుకోని డ్రైవ్

118వ పడవ, మొదటి రోజు

డ్రైవ్ పెట్టాను. తెరుచుకోలేదు.

ఆఫీసు పుస్తకంలో ఇంతే రాసి సంతకం పెట్టాను. మిగతాది ఇక్కడ రాసుకుంటున్నాను. ఈ పుస్తకం నా సొంతం.

పన్నెండు రోజులకోసారి గోకవరం రేవు నుంచి ఎల్లాజీ పడవ వస్తుంది. బియ్యం, మందులు, గ్రీజు డబ్బాలు, వాటితోపాటు తడవకుండా మూత బిగించిన డబ్బీలో ఒక పెన్‌డ్రైవ్. సముద్రం మధ్య ఈ స్తంభం మీద గాలిమరలు చూసుకునే ముప్ఫై ఒక్కమందికీ ఉత్తరాలు అందులోనే వస్తాయి. నేను ఇక్కడ దిగినప్పటి నుంచి ఇది నూట పద్దెనిమిదో పడవ. అంటే నాలుగేళ్ళు కావస్తోంది. తేదీలు ఎవరూ చెప్పుకోరు, పడవలే చెప్పుకుంటారు.

పాత కంప్యూటర్‌లో డ్రైవ్ పెడితే చాలు, తనంతట తాను తెరుచుకుని ఎవరి ఉత్తరాలు వాళ్ళ పేరున కంప్యూటర్‌లోనే ఉన్న సంచిలో సర్దేసేది. ఉప్పుగాలికి అది తుప్పు పట్టి పోయింది. పోయిన పడవలో వేరేది పంపారు. ఇదీ పాతదానిలాగే లినక్స్ మీద నడిచేదే. కానీ కరెంటు ఆదా కోసమట, బొమ్మలూ కిటికీలూ ఏమీ లేవు. నల్ల తెర, తెల్ల అక్షరాలు.

దానితోపాటు ఒక కాగితం వచ్చింది. పదిసార్లు చదివాను. పడవ తెచ్చిన డ్రైవ్ మనిషి చెయ్యి పడకుండా తెరుచుకుందని స్తంభం పెద్ద తమ్మిరాజుగారు ఎదురుగా నిలబడి చూసి సంతకం చేస్తే, ఆపరేటర్ నూకరత్నం ఒడ్డుకి తిరిగి రావచ్చు. నా బదులు ఎవరినీ పంపరు. ఎవరూ రామంటున్నారట.

అంటే నేనింటికి వెళ్ళాలంటే ఈ డ్రైవ్ దానంతటది తెరుచుకోవాలి.

ఇవాళ్టికి చేత్తో తెరిచి ఉత్తరాలు పంచాను. అందరూ వెళ్ళాక ఎప్పటిలాగే చివర్లో గంగులు బాబాయ్ వచ్చాడు. మరల బేరింగులకి గ్రీజు పెట్టే మనిషి. అరవైకి దగ్గర పడ్డాడు. చదువు రాదు.

"వచ్చిందా అమ్మాయ్?"

"వచ్చింది బాబాయ్, కూర్చో."

"ఆయ్," అని తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆయన భార్య ఆదెమ్మ చెప్తుంటే పక్కింటావిడ రాసి పంపుతుంది. ఈసారి ఉత్తరం ఇది: బియ్యం అందాయి. మేక ఈనింది, రెండు పిల్లలు. ఉత్తరం వైపు కప్పు కారుతోంది. ఆపైన ఏవో ఇంటి పనులు. అయిపోయింది.

నేను చదివింది ఇది: "మేక ఈనింది, రెండు పిల్లలు. నువ్వుంటే ఎంత సంబరపడేవాడివో అనుకున్నాను. తొందరపడి రాకు. ఎంతకాలమైనా ఎదురు చూస్తాను."

బాబాయ్ కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు.

మొదటిసారి చదివినప్పుడు ఉన్నదున్నట్టే చదివాను. నేను ఆపాక కూడా ఆయన నా నోటివంక చూస్తూ కూర్చున్నాడు. "అంతేనా?" అన్నాడు. ఆ ముఖం చూడలేక "ఇంకో ముక్క ఉంది" అని ఒకటి కలిపాను. అప్పటినుంచి కలుపుతూనే ఉన్నాను. చోటు కోసం పనికిరాని ముక్కలు తీసేస్తూ ఉన్నాను కూడా.

118వ పడవ, రెండో రోజు

పొద్దున్నే డెక్కు మీదికి వెళ్తే పడమట కొండల గీత కనిపించింది. గాలి కడిగినట్టున్న రోజుల్లోనే కనిపిస్తుంది. కింద నీళ్ళలో మునిగిపోయిన అమలాపురం ఉంది. దాన్ని చూడటం మానేశాను. కొండల్నే చూస్తాను. గోకవరం ఆ గీతలో ఎక్కడో ఉంటుంది, అందులో పంపుహౌసు వెనక మా ఇల్లు, ఇంట్లో మా ఆయన కొండబాబు.

తర్వాత వచ్చి పనిలో పడ్డాను. వచ్చిన ఉత్తరాల నకళ్ళు దాచుకున్న నా పాత పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టి చూశాను. కంప్యూటర్ దాన్ని గుర్తు పడుతోందా? పడుతోంది. పెట్టగానే పేరూ సైజూ తెర మీద రాస్తోంది. పోర్టులో తప్పు లేదు. చేత్తో మౌంట్ చేస్తే, అంటే తెరవమని నేనే టైపు చేస్తే, తెరుచుకుంటోంది. డ్రైవ్‌లోనూ తప్పు లేదు.

మధ్యాహ్నానికి అర్థమైంది. పాత దాంట్లో బొమ్మల తెర ఉండేది కదా, డ్రైవ్ వచ్చిందని తెలియగానే తెరిచేది ఆ తెరే. ఇందులో ఆ తెర లేదు. డ్రైవ్ వచ్చిందన్న కబురు అందుతోంది గానీ తలుపు తీసే మనిషే ఇంట్లో లేడు.

118వ పడవ, అయిదో రోజు

యూడెవ్ అని ఒకటుంటుంది. ఏ పరికరం తగిలించినా ముందు దానికే తెలుస్తుంది. డ్రైవ్ వస్తే నువ్వే మౌంట్ చెయ్యి అని దానికి ఒక నియమం రాసిపెట్టాను. డ్రైవ్ పెట్టాను. మౌంట్ అయింది, తప్పేమీ లేదు అని చిట్టాలో రాసింది. ఎగిరి గంతేసినంత పనిచేశాను.

సంచి తెరిచి చూస్తే ఖాళీ.

తీసి పెట్టాను. మళ్ళీ అంతే. అయింది అంటుంది, లోపల ఏమీ ఉండదు. ఇరవై సార్లు పెట్టి ఉంటాను. తమ్మిరాజుగారు తలుపు దగ్గర నిలబడి, "ఏమ్మా, తొందరగా ఉందా వెళ్ళిపోవాలని?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

118వ పడవ, ఆరో రోజు

నేను వెళ్ళాక చదువురాని వాళ్ళకి ఎలా అని ఒడ్డువాళ్ళు ఆలోచించే ఉన్నారు. కొత్త కంప్యూటర్‌లో చదివే గొంతు పెట్టారు. ఎవరి నంబరు మీట వాళ్ళు నొక్కితే వాళ్ళ ఉత్తరం పైకి చదువుతుంది. ఇవాళ దాన్ని సరిచేశాను. ముక్కుతో మాట్లాడినట్టుంటుంది, 'ళ' పలకదు. కానీ ఒక్క అక్షరం వదలదు, ఒక్క అక్షరం కలపదు.

అక్కడే చల్లబడిపోయాను. గంగులు బాబాయ్ పదిహేడో నంబరు మీట నొక్కుతాడు. బియ్యం అందాయి, కప్పు కారుతోంది, అంతే. అప్పుడు "అంతేనా?" అని ఎవరినడుగుతాడు?

118వ పడవ, తొమ్మిదో రోజు

దొరికింది.

కంప్యూటర్‌లోనే ఉన్న సహాయం పేజీలన్నీ తిరగేస్తే ఒక మూల ఉంది. యూడెవ్ చేసిన మౌంట్ దాని సొంత గదిలోనే ఉండిపోతుందట. మిగతా ఇంటికి కనిపించదు. అది అబద్ధమేమీ చెప్పలేదు, నిజంగానే తెరిచింది, దానికి మాత్రమే కనబడేట్టు. కాబట్టి మౌంట్ పని దానికి చెప్పకూడదు. డ్రైవ్ వచ్చిందని సిస్టమ్‌డికి కబురు పెట్టమనాలి. ఇంటి పనులన్నీ చూసే సిస్టమ్‌డి తెరిస్తే అందరికీ కనిపిస్తుంది.

రెండు లైన్లు. రాశాను, పెట్టాను, తెరుచుకుంది. ఉత్తరాలు సంచుల్లో పడ్డాయి.

కాసేపు కూర్చుని, ఆ రెండు లైన్ల ముందు పనిచేయకుండా ఆపే గుర్తు పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు, రాయడానికే సిగ్గుగా ఉంది. ఇంటికెళ్ళాలి. నిజం తెలిశాక ఆ ముసలాయన ముఖం ఎలా ఉంటుందో చూడకుండా వెళ్ళాలి. రెండూ ఎలా కుదురుతాయి?

119వ పడవ, మొదటి రోజు

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎల్లాజీ పొద్దున్నే వచ్చాడు. "అయిందా రత్నమ్మా? మీ ఆయనకి చెప్పాను, వచ్చే పడవకో ఆపై పడవకో తెస్తానని," అన్నాడు. ఇంకా కాలేదన్నాను. తమ్మిరాజుగారికీ అదే చెప్పాను. చేత్తో తెరిచి పంచాను. కొండబాబు ఉత్తరం మూడు లైన్లు. నీళ్ళు రెండు పూటలా వస్తున్నాయి. మోటారుకి కొత్త వైండింగు చేయించారు. ఒంట్లో బాగానే ఉంది.

గంగులు బాబాయ్ వచ్చి కూర్చుంటూనే, "వేలిముద్ర వేసిచ్చేశానమ్మాయ్," అన్నాడు.

"దేనికి బాబాయ్?"

"ఇంకో రెండేళ్ళు ఉంటానని. కాయితం ఇవాళ్టి పడవలోనే వెళ్తుంది."

"అదేంటి, నూట ఇరవై ఒకటో పడవకి నీ గడువు అయిపోతుందిగా!"

"బేరింగులు చూసేవాడు దొరకట్లేదని తమ్మిరాజుగారు బతిమాలారు. నేనూ తెగ ఆలోచించాననుకో. కానీ ఆదెమ్మ అంత మాట అన్నాక ఇంకేంటి? ఎంతకాలమైనా చూస్తానంది కదా. తొందరపడి రావద్దంది. ఆడమనిషికి ఉన్న గుండె నిబ్బరం నాకు లేకపోతే ఎలా?"

కింద ఎల్లాజీ ఖాళీ డబ్బాలు ఎక్కిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. పాటు మొదలై నీళ్ళు తీస్తే పడవ ఆగదు. మహా అయితే మూడు గంటలు.

"బాబాయ్, ఆ మాట ఆదెమ్మ పిన్ని అనలేదు."

"ఏ మాట?"

"ఎంతకాలమైనా చూస్తానన్నది. తొందరపడొద్దన్నది. అవి నేను కలిపాను."

ఆయనకి మొదట అర్థం కాలేదు. పక్కింటావిడ తప్పు రాసిందేమో అనుకున్నాడు. మళ్ళీ చెప్పాను. మొదటి ఉత్తరం నుంచీ చెప్పాను. చెప్తున్నకొద్దీ ఆయన తలగుడ్డని చుట్టలా చుడుతూ ఉన్నాడు.

"నాలుగేళ్ళూనా?"

"నాలుగేళ్ళూ."

"నేను రాయించినవి? అవీ కలిపారా?"

కలిపారా అన్నాడు. నన్నెప్పుడూ మీరు అనలేదు.

"అవి కూడా కొంచెం," అన్నాను.

కంప్యూటర్ వైపు తిరిగాడు. తర్వాత, "యంత్రం చదువుద్దన్నారుగా రత్నంగారూ. చదివించండి. మొదట్నించీ," అన్నాడు.

వచ్చిన ప్రతి ఉత్తరం నకలూ నా పాత పెన్‌డ్రైవ్‌లో ఉంది. చేత్తో తెరవబోయాను. చెయ్యి ఆగింది. ఆ రెండు లైన్ల ముందున్న గుర్తు తీసేసి, పెన్‌డ్రైవ్‌ని ఆయన చేతికిచ్చాను. "నువ్వే పెట్టు బాబాయ్. నేను ముట్టుకోను."

అలవాటు లేక రెండుసార్లు తిరగేసి పెట్టి, మూడోసారికి సరిగ్గా దూర్చాడు. తెరుచుకుంది. పదిహేడో మీట చూపించాను. నొక్కాడు.

ముక్కు గొంతు మొదలెట్టింది. "బియ్యం అందాయి. కొలను పక్క దడి పడిపోయింది. చొక్కా ఉతికి ఆరేశాను. ఉంటాను."

రెండోది. "జ్వరం వచ్చి తగ్గింది. బెల్లం దొరకట్లేదు. చొక్కా ఉతికి ఆరేశాను. ఉంటాను."

అంత పొడిగా ఉంటే నాకే తల దించుకోవాలనిపించింది. మూడోదానికి ఆయన తల ఎత్తాడు.

"ఆపండి. ఆ ఆఖరి ముక్క మళ్ళీ చెప్పించండి."

చెప్పించాను. చొక్కా ఉతికి ఆరేశాను.

"ఇది ప్రతి దాంట్లోనూ ఉందా?"

ఉంది. నూట పంతొమ్మిదింట్లోనూ ఉంది. నా కళ్ళకి అలవాటైపోయి దాటేసేవి. చొక్కా ఉతకడం కూడా ఒక కబురేనా అనుకున్నాను.

"మరి నాకెప్పుడూ చదవలేదేం?"

"పనుల గురించి కదా అని..."

"మా ఇంట్లో మగవాడి చొక్కా ఒక్కటే ఉంది," అన్నాడు. "నాది. పెళ్ళిళ్ళకి వేసుకునే గళ్ళ చొక్కా. దండేనికి తగిలించి వచ్చాను. కొడుకుల్లేరు, అల్లుడు రాడు. వేసుకునేవాడు లేని చొక్కాకి నాలుగేళ్ళుగా మురికెక్కడిదండీ?"

ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆ తర్వాత ఇంకో నాలుగు ఉత్తరాలు విన్నాడు. ప్రతిదాంట్లో ఆ ముక్క వచ్చినప్పుడల్లా "ఆయ్" అన్నాడు, ఎదురుగా మనిషి చెప్తున్నట్టు.

కిందనుంచి ఎల్లాజీ, "పాటు తీసేస్తోంది, డ్రైవ్ ఇస్తారా ఇవ్వరా!" అని అరిచాడు.

బాబాయ్ ఉలిక్కిపడి లేచాడు. ఆ వయసులో ఇనుపమెట్లు అలా దిగడం నేనెప్పుడూ చూడలేదు. తమ్మిరాజుగారు ఒడ్డుకి పంపే కాగితాల సంచికి సీలు వేయబోతున్నారు. ఏం మాట్లాడుకున్నారో పైకి వినపడలేదు. కాగితం చేత్తో పట్టుకుని పైకొచ్చాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రాయండి," అన్నాడు.

కీబోర్డు ముందు కూర్చున్నాను.

"నూట ఇరవై ఒకటో పడవకి వస్తున్నాను. కప్పు మీద రేకు నేనొచ్చి మారుస్తాను. ఎవరినీ పిలవమాకు. ఉంటాను."

"ఇంకేమైనా రాయనా?"

"వద్దు. ఒక్క ముక్క కూడా."

పైకి చదివి వినిపించమన్నాడు. నన్ను కాదు, యంత్రాన్ని. విన్నాక తల ఊపాడు. డ్రైవ్ ఎల్లాజీ చేతికి విసిరాను.

పడవ వెళ్ళాక తమ్మిరాజుగారి దగ్గరికెళ్ళి, డ్రైవ్ సంగతి నాలుగు రోజుల కిందటే తెలిసిందనీ దాచాననీ చెప్పాను. ఆయన ఆఫీసు పుస్తకంలో రాసుకుని, "సరే. వచ్చే పడవకి చూద్దాం," అన్నారు. ఒక పడవ పోగొట్టుకున్నాను. నా చేతులారా చేసుకున్నదే.

119వ పడవ, ఏడో రోజు

గంగులు బాబాయ్ రోజూ పొద్దున డ్యూటీకి ముందు వస్తాడు. పదిహేడో మీట నొక్కి పన్నెండు ఉత్తరాలు వింటాడు. నాతో మాట్లాడడు. నేను బయటికెళ్ళి నిలబడతాను.

ఇవాళ కొండబాబు ఉత్తరాలన్నీ మొదటినుంచీ చదువుకున్నాను. గంగులు బాబాయ్‌కి దొరికినట్టు నాకూ ఏదైనా దొరుకుతుందేమో, నేను దాటేసిన ముక్క ఏదైనా ఉంటుందేమో అని ఆశ. ఏమీ లేదు. నీళ్ళు వస్తున్నాయంటే నీళ్ళు వస్తున్నాయనే. మోటారు అంటే మోటారే. నా ఉత్తరాలు గుర్తు తెచ్చుకున్నాను. నేను రాసినవీ అంతేగా. ఉప్పుగాలి, కూరల్లేవు, బాగున్నాను.

వేరేవాళ్ళ ఉత్తరాల్లో కలిపిన మాటలన్నీ ఎక్కడివి మరి? ఎవరో చెప్తే నేర్చుకున్నవి కావు. నాలో ఉన్నవే. ఇంట్లో మనిషికి ఒక్కటీ రాయకుండా నాలుగేళ్ళపాటు అన్నీ గంగులు బాబాయ్‌కి చదివేశాను.

119వ పడవ, పదకొండో రోజు

ఆఖరి ఉత్తరం కూడా వినేసి, బాబాయ్ వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు.

"మీ మాటలు బాగుండేవండీ. అబద్ధమెందుకు, వింటే కడుపు నిండేది," అన్నాడు. "కానీ వాటి మూలాన ఇంకో రెండేళ్ళు పోయేవి."

"తెలుసు బాబాయ్."

డ్యూటీకి వెళ్ళిపోయాడు.

120వ పడవ, మొదటి రోజు

తమ్మిరాజుగారు కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. నేను గోడకి ఆనుకుని చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఎల్లాజీయే డ్రైవ్ దూర్చాడు.

లైటు వెలిగింది, ఆరింది, వెలిగింది. ఏమీ రాలేదు. తమ్మిరాజుగారు గడియారం చూశారు. ఒక నిమిషం అయింది. చెయ్యి ముందుకి వెళ్ళబోతే నా చెయ్యి నేనే పట్టుకున్నాను.

"రేవులో దీన్ని ఎలా తీశావు?" అని ఎల్లాజీనడిగాను.

"ఎలాగేంటి, లాగేశాను. తొందరలో ఉన్నాం."

ఊపిరి పీల్చుకున్నాను. అలా రాస్తుండగా లాగేసిన డ్రైవ్‌ని తెరిచేముందు ఒకసారి తనిఖీ చేసి సరిచేసుకోమని పోయిన వారం నేనే రాశాను. అదే చేస్తోంది. ఇంకో నిమిషానికి సంచులన్నీ ఒక్కొక్కటే నిండాయి. తమ్మిరాజుగారు సంతకం పెట్టి, కళ్ళజోడు తీసి, "ఇక నీ ఇష్టమమ్మా," అన్నారు.

పెట్టె సర్దడానికి పది నిమిషాలు పట్టింది. నాలుగేళ్ళకి అంతే సామాను. వెళ్తూ పదిహేడో మీట ఒకరు నొక్కడం విన్నాను. "సరే. రా. చొక్కా ఉతికి ఆరేశాను." అంత చిన్న ఉత్తరం ఆ గొంతు ఎప్పుడూ చదివి ఉండదు.

మెట్ల దగ్గర పెట్టె ఎత్తబోతుంటే గంగులు బాబాయ్ వచ్చి అందుకున్నాడు. వద్దన్నా వినలేదు. కిందిదాకా మోసి పడవలో పెట్టాడు. నేను దిగుతుంటే చెయ్యి అందించి, "చూసుకో అమ్మాయ్, ఆ మెట్టు జారుద్ది," అన్నాడు.

అమ్మాయ్ అన్నాడు. పడవ కదిలాక కూడా అదే చెవిలో ఉంది.

గోకవరం రేవు

ఈ ఆఖరి పేజీ ఇంట్లో రాస్తున్నాను.

ఎదురుగాలి వల్ల మరుసటి రోజు పొద్దెక్కాక చేరాం. కొండబాబు రేవులో నిలబడి ఉన్నాడు. జుట్టు సగం తెల్లబడింది. నన్ను చూసి ఒకడుగు ముందుకేసి ఆగాడు. నేను దిగాక పెట్టె అందుకున్నాడు.

"ఆలస్యమైంది పడవ," అన్నాడు.

"ఎదురుగాలి బావా."

"ఊఁ. నీళ్ళొచ్చే టైమైంది. పద."

ముందు నడుస్తున్నాడు. ఆ మాటల్లో ఇంకేమైనా ఉందా అని వెతికాను. వెతకడం ఆపేశాను. ఉంటే ఉంది, లేకపోతే లేదు. నా దగ్గరున్నది నేను చెప్పాలి.

"బావా," అన్నాను. ఆగాడు.

"అక్కడ పొద్దున్నే లేచి కొండలు కనబడుతున్నాయేమోనని చూసేదాన్ని. కనబడని రోజు అన్నం సయించేది కాదు. నీకెప్పుడూ రాయలేదు."

రేవులో జనం తోసుకుంటూ వెళ్తున్నారు. అడ్డు తప్పుకోమని ఎవరో అరిచారు. కొండబాబు కదల్లేదు. నీళ్ళొచ్చే టైమైపోతోంది.

పెట్టె కింద పెట్టేశాడు.